బీడీ లెక్క చుట్టిన రాకెట్

నేను చేసిన రాకెట్ గోదావరి దాటింది. నాందేడ్‌ల మా డాబా మీదికెళ్ళి విడిస్తే నది అవతల చేన్ల పత్తి ఏరుతున్న ఆడోళ్ళ నడుమ పోయి పడ్డది. వాళ్ళు పైకి చూసి, ఏ దేవుడు పంపిండో అని దండం పెట్టుకున్నరట. దాని సామానంత ఇంట్ల ఉన్నదే. పాత కాయితం, పంక్చరైన సైకిల్ ట్యూబు, తాగి పారేసిన కూల్‌డ్రింక్ ప్లాస్టిక్ సీస.

గల్లీ మూల చాయ్ హోటల్ల ఈ ముచ్చట చెప్తే నలుగురు నమ్మిండ్రు. ఐదో ఆయన నమ్మలేదు. ఆయనకు నలభై ఏండ్ల కింద నేనొక ప్యాంటు కుట్టిచ్చిన. అప్పట్సంది ఆయన నా మాట ఏదీ నమ్మడు.

నేను దర్జీని. మా నాయన సుత దర్జీనే. బడిల నేర్చుకున్నది మరాఠీ. తెలుగు అక్షరాలు మాత్రం నాయన దుకాణంల కొలతల బుక్కు మీద నేర్పిండు. అందుకే నాకు ఛాతి, నడుము, పొడుగు ముందొచ్చినయి. అమ్మ, ఆవు తర్వాత వచ్చినయి. ఆ అక్షరాలే ఇప్పుడు డెబ్బై ఏండ్ల వయసుల ఎడమచేత్తోని మల్ల దిద్దుకుంటున్న. ఎందుకో చెప్త.

పోయిన దీపావళి ముందర, గిరాకీ దండిగ ఉన్న రోజులల్ల, ఒకనాడు పొద్దుగాల దుకాణంల పైజామ బట్ట పరిచి కత్తెర పట్టుకున్న. పట్టుకున్న అనుకున్న. అది కింద పడ్డది. వంగి తీసిన, మల్ల పడ్డది. మూడోసారి నేనే పడ్డ. దవాఖానల లక్వా అన్నరు, పక్షవాతం. కుడిపక్క. కాలు ఇరవై రోజులకు దారికొచ్చింది. నోరు అంతకన్న ముందే వచ్చింది. "అది జర ఆలస్యంగ వచ్చినా నడుస్తుండె," అన్నది మా ఇంటామె.

చెయ్యి రాలేదు. బొటనవేలు, చూపుడువేలు ఒకదాని దిక్కు ఒకటి జరుగుతయి గని, నడుమ ఏది పెట్టినా జారిపోతది. చెంచా జారింది. పెన్ను జారింది. ఒకనాడు మా ఇంటామె చెయ్యి పట్టుకున్న, అది సుత జారింది. ఆమెనే గట్టిగ పట్టుకున్నది.

నాకు ఇంకేం వద్దు. మల్ల కత్తెర పట్టుకోవాలె, గదొక్కటే. తినుడు, సంతకం, ఫోను అన్ని ఎడమచేత్తోని నడిపిచ్చుకుంట. కని కత్తెర పట్టని దర్జీని ఏమంటరు? దుకాణం తాళం పడ్డది. నాయన నాటి ఇనుప కత్తెరను మా ఇంటామె ఇంటికి తెచ్చి, పాత దస్తీల చుట్టి అల్మారీ మీద పెట్టింది. మంచంల పండుకుంటే నా కండ్లు దాని మీదికే పోతుండె.

చేతికి కసరత్తు చేయించే డాక్టరమ్మ మరాఠీ పిల్ల, మా బిడ్డకన్న చిన్నది. వచ్చినప్పుడల్ల ఒక్కటే మాట: "కాకా, హాతాలా కామ్ ద్యా." చేతికి పని చెప్పు అని. మొదటి నెలలే అసలైనయి, ఇప్పుడు సోమరితనం చేస్తే తర్వాత చెయ్యి గట్టిగైపోతది అని బెదిరిచ్చింది. పిసుకుమని ఒక రబ్బరు బంతి ఇచ్చి పోయింది. నేను దాన్ని మంచం కిందికి తన్నిన. మంచి కాలు ఉన్నది గదా.

"డాక్టరమ్మకు చెప్త," అన్నది మా ఇంటామె.

"చెప్పు. బంతాట ఆడే వయసా నాది?"

"బంతిని తన్నే వయసైతే ఉన్నట్టున్నది."

మా బిడ్డ మా దగ్గర్నే ఉంటది. భోకర్‌ల పంతులమ్మ. పొద్దుగాల బస్సెక్కితే దీపాలు పెట్టే యాళ్ళకు వస్తది. దాని బిడ్డ, పదేండ్లది, మధ్యాహ్నం బడి అయిపోయినంక మా మీదనే ఉంటది. ఆ పోరి ఒకనాడు నా మంచం మీదెక్కి కూసోని, "తాతా, నువ్వు చిన్నప్పుడు ఇంటంత పతంగి చేసి ఎగరేసినవట గదా, నాకొకటి చేసియ్యి," అన్నది.

ఇంటంత పతంగి అని నేనే చెప్పిన. ఎప్పుడు చెప్పిన్నో యాదికి లేదు. చెప్పిన మాట వెనక్కి తీసుకోలేను గద. "తే కాయితం," అన్న.

పతంగి చేసుడు ఎవరికి తెల్వది? రంగు కాయితం, రెండు చీపురు పుల్లలు, ఉడికిచ్చిన మైదా లై. అంచుల దారం పెట్టి మడిచి అంటియ్యాలె. అన్నం ఉడికే లోపు అయితది. నేనేం చేసిన? అంచుకు అరంగుళం మార్జిన్ వదిలిన. బట్టకు వదిలినట్టు. మడిచిన మార్జిన్‌కు లై ఎందుకు, ఊడిపోతది, కుట్టు అయితే జిందగీ ఉంటది అని ఇంట్ల ఉన్న పాత మిషను ముందట కూసున్న. కాళ్ళు తొక్కినయి, ఎడమచెయ్యి కాయితాన్ని నడిపింది, పిల్ల అవతల పట్టి గుంజింది. నాలుగు దిక్కుల అంచు కుట్టిన, మూలలు తిప్పిన, పై నుంచి ఇంకో వరస సుత ఏసిన. చూస్తే షాదీ రోజు షేర్వానీ లెక్క ఉన్నది.

మా ఇంటామె వంటింట్లకెళ్ళి వచ్చి నిలబడ్డది. "ఏందయ్యా మాస్టరు, పతంగికి లాల్చీ కుడుతున్నవా? జేబు పెట్టవా?"

డాబా మీద పిల్ల ఎగరేసింది. గాలి మంచిగుండె. మూడు మూరలు లేసింది. అప్పుడు చర్రుమన్నది. కుట్టు వెంబడి, సూది బొక్కల వెంబడి, పోస్టు టికెట్లు వరసగ చింపినట్టు నాలుగు అంచులు నాలుగు దిక్కుల పోయినయి. నడిమి కాయితం ఒక్కటే మెల్లగ తిరుక్కుంట పక్కింటి మీదికి పోయింది. చిరిగే తొవ్వ నేనే సూదితోని వరుసగ ఏసి పెట్టిన. ఈ తప్పు చేసేతందుకు యాభై ఏండ్ల తజుర్బా కావాలె. వేరేటోడు ఎవడూ చెయ్యలేడు.

పిల్ల ఏడుస్తదేమో అనుకున్న. దాని చేతుల దారం, దారానికి రెండు పుల్లలు. నా మొఖం దిక్కు చూసి పకపక నవ్వింది. ఆ నవ్వుకు నేను ఇయ్యాళ్టికి రుణపడి ఉన్న. అది ఏడ్చి ఉంటే నేను మంచమెక్కి మల్ల దిగకపోయేటోన్ని.

రెండోది పారాచూట్ గొడుగు. కేరీబ్యాగును గుండ్రంగ కోసి, ఎనిమిది దారాలు కట్టి, కింద బరువుకు కోటు గుండీ. దీనికి కుట్టు లేదు గనుక మంచిగనే ఎగిరింది. డాబా మీదికెళ్ళి విడిస్తే మెల్లగ, పెండ్లికొడుకు నడిచినట్టు దిగింది. దిగింది పక్కింటామె పాపడాలు ఎండేసిన చీర మీద.

"అహో కాకా," అని కిందికెళ్ళి ఒర్రింది ఆమె, "పాపడావర్ గుండీ కోణాచీ?" పాపడం మీద గుండీ ఎవలది అని.

"కోటుది వహినీ, మంచి గుండీ, దాసుకోండ్రి," అన్న నేను.

"నాలుగు గుండీలు పడేస్తే కోటు సుత కుట్టియ్యిండ్రి," అన్నది ఆమె, మరాఠీలనే. ఆ మాటకు నేను నవ్విన గని, కోటు ఏడ కుడత ఇగ.

ఆ రాత్రి కాదు, తెల్లారి పొద్దుగాల, అంగీ తొడుక్కునేటప్పుడు జరిగింది చెప్పాలె. ఊరోళ్ళకు ఎన్ని వేల గుండీలు కుట్టిన్నో, నా గుండీ నేను పెట్టుకోలేకపోతుండె. రోజు మా ఇంటామెనే పెడుతుండె, కింది గుండీకెళ్ళి మీదికి. పై గుండీ దాంక వచ్చేవరకు నేను మొఖం పక్కకు తిప్పుకునేటోన్ని. ఆ రోజు తిప్పుకోలేదు. ఆమె వేళ్ళు చూసిన. చూపుడువేలు కొస ఒక దిక్కుకు వంగి ఉన్నది. బొటనవేలు గోరు పక్కన కాయ కాసి ఉన్నది. అవి బీడీలు చుట్టిన వేళ్ళు.

ఆమె పుట్టినూరు కుండల్‌వాడి. పెండ్లై వచ్చేటప్పుడు పెట్టెల మూడు చీరెలు, ఒక చాట, ఆకు కొలత పెట్టి కోసే రేకు ముక్క, చిన్న కత్తెర తెచ్చుకున్నది. ముప్పై ఏండ్లు చుట్టింది. దుకాణంల మిగిలిన పని ఇంటికి తెచ్చుకుంటుంటి; నేను ముందర్రల మిషను మీద మాస్టరు, ఆమె వెనకర్రల నేల మీద. ఎందుకు వెనకర్రల? గిరాకీ బట్టలకు తంబాకు వాసన పట్టుకుంటదని నేనే కూసోబెట్టిన. ఆ అర్రకు కిటికీ లేదు. దగ్గు బలిసినంక పదేండ్ల కింద మానేసింది. నేను ఇంత పెద్ద నోరున్నోన్ని, ఆమె పని గురించి ఎవరి ముందట ఒక్క మాట గొప్పగ చెప్పలేదు. గోదావరి గురించి కోసిన కోతల్ల చటాకంత దానికి పెట్టి ఉంటే ఏం పోతుండె?

ఇగ రాకెట్. పిల్ల ఫోన్ల చూసింది. సీస మూతికి సైకిల్ ట్యూబు బిగియ్యాలె, ట్యూబు రెండో కొసకు కరెంటోళ్ళు గోడల పెట్టే తెల్ల పైపు ముక్క. పైపు మీద కాయితం గొట్టం తొడగాలె, గొట్టం మూతి మూసి ఉండాలె. సీసను ఎగిరి తొక్కితే గాలి ఉరికి గొట్టాన్ని పైకి తంతది. కింద రెక్కలుంటే నేరుగ పోతది. గింతే.

గొట్టం నేను చేయించిన. పిల్ల చేతులు, నా తెలివి. "జర వదులు ఉండాలె, ఇరుకైతే ఊపిరాడదు," అని మార్జిన్ వదిలిచ్చిన. పాపం ఆ పైపుకు ఊపిరెందుకు? తొక్కితే పక్కలకెళ్ళి పుస్సుమని గాలి పోయింది. రాకెట్ కప్ప లెక్క ఒక్క గెంతు గెంతి నా చెప్పుల పడ్డది. ఇంకోటి చేసినం. అదీ కప్పనే. మూడోది కప్ప సుత కాదు.

మా ఇంటామె మెట్ల మీద కూసోని చిక్కుడుకాయ ఈనెలు తీస్తున్నది. చాట పక్కకు జరిపి, కొంగుకు చేతులు తుడుచుకున్నది. "ఇటియ్యుండ్రి," అన్నది.

పాత మరాఠీ పేపరు ఒకటి తొడ మీద పరిచింది. పైపు ముక్క అంచున పెట్టింది. రెండు బొటనవేళ్ళు పైకెళ్ళి, మిగతా వేళ్ళు కిందికెళ్ళి, ఒక్క నూకు. కాయితం పైపును పట్టుకోని తనంతల తనే తిరిగినట్టు తిరిగింది. అంచుకు లై రాసింది, మూతి నాలుగు మడతలు మలిచి గోరుతోని లోపటికి నూకింది. బీడీ మూతి మలిచినట్టే. పైపు గుంజితే జరంత పట్టి, అప్పుడు వదిలింది. నేను గుడ్లప్పగిచ్చి చూసిన. పదేండ్లు పని లేని వేళ్ళు, ఒక్క మడత మర్చిపోలేదు.

"అమ్మమ్మా, ఇంత తొందరగనా!" అన్నది పిల్ల.

"ఇది తొందర కాదు బిడ్డా. వయసుల ఉన్నప్పుడు మీ తాత ఒక గుండీ కుట్టేలోపు నేను బీడీల కట్ట కట్టేదాన్ని."

"అమ్మో, తాత మెల్లగనా?"

"మీ తాత నోరొక్కటే జల్దీ."

రెక్కలు అంటిచ్చి, పైపుకు తొడిగి, పిల్ల ఎగిరి సీస మీద దుంకింది. సుయ్యిమన్నది. నీళ్ళ ట్యాంకు దాటి పైకి పోయి, ఆడ ఒక్క గడియ ఆగి, ముక్కు తిప్పి కిందికి పోయింది. మేం ముగ్గురం పిట్టగోడ కాడికి ఉరికినం. ఉరికినం అంటే వాళ్ళు ఉరికిండ్రు, నేను గోడ పట్టుకోని పోయిన.

ఇప్పుడు నిజం చెప్పాలె. అది దాటింది గోదావరి కాదు. మా ఇంటెనక నాలా, రెండు మంచాలంత ఎడల్పు. గోదావరి మా డాబా మీదికెళ్ళి కనిపియ్యనే కనిపియ్యది. అవతల పత్తిచేను లేదు, బట్టలారేసే తీగె ఉన్నది. ఆడోళ్ళు దండం పెట్టలేదు, ఒక్కామె ఉండె, తిట్టింది. ఇంకొకటి, మొదట్ల "నేను చేసిన" అన్న గదా. చుట్టింది మా ఇంటామె. తొక్కింది పిల్ల. నేను కుర్చీల కూసోని "జర వంచు, జర వంచు" అన్న. ఎవరూ వంచలేదు.

ఇక్కడికెళ్ళి ఒక్క ముక్క పెంచుత లేను, ఒట్టు.

కోతలు కోసుడు మా నెత్తుర్ల ఉన్నట్టున్నది. పిల్ల బడికి పోయి, తన వరస రెండు బెంచీలోళ్ళకు తలా ఒక రాకెట్ తెస్త అని చెప్పొచ్చింది. పదిమంది. సోమవారానికి. ఆదివారం పొద్దుగాల మా ముందట కూసోని మెల్లగ బయటపెట్టింది.

"పది రాకెట్లా? నీకెవరు చెప్పమన్నరే?" అన్నది వాళ్ళమ్మ, సెలవు రోజు బట్టలు నానబెట్టుకుంట.

"తాత చెప్తడు గదా రోజు," అన్నది పిల్ల.

ఎవరూ నా దిక్కు చూడలేదు. నేను ఇంటి పైకప్పు చూసిన.

మా ఇంటామె చాట ముందటేసుకున్నది, పేపర్లు కోసి పెట్టుకున్నది. అప్పట్ల బీడీలకు పెట్టినట్టే వరస పెట్టింది. పిల్లకు లై పని. రాకెట్‌కు మూడు రెక్కలు, పది రాకెట్లకు ముప్పై రెక్కలు, గట్టి అట్ట కావాలె. మా ఇంట్ల గట్టి అట్ట అంటే లగ్నపత్రికలే. ఎక్కడెక్కడి పెండ్లిళ్ళు, నాయ్‌గావ్‌ల మా మామ మనుమడిది, ఎవరో గిరాకీ బిడ్డది. బంగారు రంగు గణపతి ఉన్న భాగం పక్కకు పెట్టి, మిగతాది తీసుకున్నం. దేవుని మీద కత్తెర పెట్టొద్దని మా ఇంటామె తకరారు.

"రెక్కలు ఎవరు కోస్తరు?" అన్నది పిల్ల.

మా ఇంటామె లేసి, స్టూలు ఏసుకోని అల్మారీ మీదికెళ్ళి దస్తీల మూట దించింది. ముడి విప్పి, ఇనుప కత్తెర నా ముందట పెట్టింది. మల్ల పోయి చాట ముందట కూసున్నది, ఏం కానట్టే. "ఒకటి కోసి పెట్టు. దాని మీద కొలత పెట్టి మిగతాయి పిల్ల కోస్తది. దానికి వంకర పోతది, మొదటిది సక్కగుండాలె."

నేను కత్తెర దిక్కు చూసిన. నాయన చెయ్యి పెట్టి పెట్టి పిడి లోపలి భాగం నున్నగైన చోటు నాకు ఎరుకనే. ఏదో పరీక్ష లెక్క ఉన్నది. పడిపోతే? పిల్ల చూస్తది. పడిపోతే పడిపోయింది అని మా ఇంటామె అంటది, చాట మీదికెళ్ళి తల సుత లేపకుంట. ఆ తల లేపకపోవుడు నాకు ధైర్యమిచ్చింది. అన్ని నెలలు అందరు నా చెయ్యినే చూసిండ్రు. ఆ రోజు చూడకుంట ఉన్నది ఆమె ఒక్కతే.

కుడిచేత్తోని పట్టుకున్న. బొటనవేలు దూరింది, వేళ్ళు దూరినయి. లగ్నపత్రికను కత్తెర నోట్లకు పెట్టిన. చేతుల బలం చాలక కత్తెర సగంల ఆగింది. అయినా మూసిన. టక్కుమన్నది. ఆ చప్పుడు, దర్జీకి తెలుస్తది, అట్ట తెగినప్పటి చప్పుడు వేరే. మల్ల తెరిచిన, మల్ల మూసిన. మూడు మూలల రెక్క తెగి ఒళ్ళె పడ్డది. అంచు జరంత పిప్పి పిప్పి ఉన్నది, ఎలుక కొరికినట్టు. అయినా రెక్కనే.

"తాత కోసిండు, అమ్మమ్మా!" అని పిల్ల ఎగిరింది.

మా ఇంటామె అప్పుడు చూసింది. రెక్క చేతిలకు తీసుకోని, అంచు మీద వేలు నడిపి, "ఇంకో రెండు," అన్నది. కండ్లు తుడుచుకున్నది. చిక్కుడుకాయల గాలి కొట్టిందన్నది.

సోమవారం పది రాకెట్లు బడికి పోయినయి. ఒకటి హెడ్‌మాస్టరు రూముల పడ్డదట. దాని గురించి ఇంకా పిలుపు రాలేదు.

రాసినంత రాసి, నిన్న మా ఇంటామెకు చదివి వినిపిచ్చిన. వెనకర్ర ముచ్చట కాడ చీరె కొంగు మడతలు సరిచేసుకున్నది. బీడీ మూతి కాడ "నాలుగు కాదు, రెండే మడతలు" అన్నది, నేను దిద్దలేదు. "నువ్వు లేకుంటే ఈ చెయ్యి కట్టెనే" అని చివరికి ఒక మాట రాసిన. అది సుత చదివిన. చదివి, ఏమంటదో అని చూసిన.

"ఆ రోజు చిక్కుడుకాయలు లేవు, ఉల్లిగడ్డ కోసిన," అన్నది. "ఇగ కుడిచేత్తోని ఏడ కోసినవయ్యా? కోసింది ఎడమచేత్తోని. కుడిచెయ్యి పత్రిక పట్టుకున్నది, జారనియ్యలేదు. జారనియ్యలేదని రాయి."